వరుస తప్పని అనర్థము

కాళోజీ పెరిగిన మడికొండలో కూర్చుండి గ్రాంథికము వ్రాయుట సాహసమే యగును. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుకొను రాష్ట్రమున, పలుకుబడుల భాషను తలకెత్తుకొన్న ఆ మహనీయుని యూరిలో, నా ‘చున్న’లను ‘వలయు’లను ఆలకించు నాథుడెవడు? అయినను, 2020 జనవరిలో ఇచట టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల కార్యాలయములు వెలసినది మొదలు ఈ యూరి కుర్రకారు మాటలాడు భాష కాళోజీకిని అందనిది, నాకును అందనిది గనుక, ఆ విషయమున మేమిరువురము సమానులమే.

మొన్న ఆదివారము మా మేనల్లుడు తన సొంత ల్యాప్‌టాప్‌ను చక్కబెట్టుకొనదలచి, కావలసిన డజను అమరికలను మాటిమాటికి టైపు చేయు శ్రమ మాని, ఒక ఫైలులో వరుసగా వ్రాసి, ఎంటరు నొక్కి, చాయ త్రాగుటకు లేచినాడు. ఇట్టి ఫైలును స్క్రిప్టు అందురట. దానిని చదివి నెరవేర్చునది షెల్లు. 1979లో స్టీఫెన్ బోర్న్ షెల్లు వెలువడినను, 1989లో బ్రయన్ ఫాక్స్ బాష్ వెలువడినను, ఆ వంశమునకు వినయమే సహజగుణము: ముందరి ఆజ్ఞ నెరవేరినదో లేదో విచారింపక తరువాతి ఆజ్ఞకు సాగిపోవును. మావాని ఫైలులో మూడవ పంక్తి ‘పాత ఫోల్డరులోనికి పొమ్ము’. నాల్గవది ‘అచ్చట నున్నదెల్ల తుడిచివేయుము’. ఫోల్డరు పేరులో ఒక్క అక్షరము తప్పుపడుటచే షెల్లు పోలేక, ఆ మాట ఒక్క పంక్తిలో గొణిగి, ఉన్నచోటనే నిలిచి, నాల్గవ ఆజ్ఞను మాత్రము తు.చ. తప్పక పాలించినది. చాయ చల్లారక మునుపే అక్క పెండ్లి ఫోటోలు గంగలో కలిసినవి.

పోనీ, మిగిలిన అమరికలైనను దక్కినవా యనిన, అదియును లేదు. స్క్రిప్టును నడుపుటకు షెల్లు ఒక పిల్ల షెల్లును కనునట. తల్లి ఎక్స్‌పోర్టు చేసినది పిల్లకు చేరును గాని, పిల్ల మార్చుకొన్నది తల్లికి చేరదు. పని ముగియగనే పిల్లతో పాటు అది తనలో చేసికొన్న సంస్కరణములన్నియు సమాప్తము. ఫంక్షన్ హాలులో చేసిన తీర్మానములు భోజనముల వేళకు ఏమగునో ఎరిగిన నాకు ఇందు వింత తోచలేదు.

మా వీధికి ఈ శాస్త్రము క్రొత్తది కాదు. త్రవ్వుట, పైపులు వేయుట, పూడ్చుట, తారు పోయుట అను నాలుగాజ్ఞలతో ఒక కాగితము వచ్చెను. త్రవ్వినారు. పైపులు రాలేదు. ఆ సంగతి ఒకరు గొణిగినారు. అటుపిమ్మట పూడ్చినారు, తారు పోసినారు, రిబ్బను కత్తిరించినారు. మెట్టుగుట్ట రామలింగేశ్వరుని దర్శనమునకు పోవు ముసలవ్వ సైతము, మొదటి మెట్టుపై కాలు జారినచో రెండవ మెట్టునకు ఎగబ్రాకదు. లేచి, మోకాలు తడవుకొని, ఆ మొదటి మెట్టునే మరల నెక్కును.

“నడుమ ఆపు ఉపాయము లేదటరా?” అని మేనల్లుని అడిగితిని.

“ఉన్నది మామా! మొదట్లనే ‘సెట్ మైనస్ ఇ’ అని రాస్తే, లైన్ ఫెయిలైతే ఆడ్నే ఆగుతది. లేకుంటే రెండు కమాండ్ల నడుమ డబుల్ యాంపర్‌సాండ్ పెట్టాలె. ముందుది అయితెనే తర్వాతది నడుస్తది.”

“మరి పెట్టలేదేమి?”

“పెడితే మాటిమాటికి ఆగుతది మామా. పని ఎప్పుడైతది?”

మన పరిపాలనా రహస్యమునంతయు ఇంత సంగ్రహముగ సెలవిచ్చిన వారిని నేనింతవరకు చూచి యుండలేదు.

నిన్న ఉదయము మా వీధికి పైపులు వచ్చినవి.