అలుసైపోద్దండీ బాబూ!

భీమవరంలో కుక్కపిల్లని కొనాలంటే డబ్బు కావాలిగానీ సలహాలు ఉచితం. పిల్ల ఇంకా అట్టపెట్టెలోంచి బయటికి రాకముందే పక్కింటి ప్రహరీ మీదుగా మొదటిది దిగుతుంది. "రాత్రి ఏడుస్తుందండి. ఎంత ఏడ్చినా వెళ్లకండి. వెళ్లారో, అలుసైపోద్ది!" రెండోది జువ్వలపాలెం రోడ్డులో దొరుకుతుంది, టీతో పాటు. మూడోది పిల్లని అమ్మినవాడే డబ్బు లెక్కపెట్టుకుంటూ పడేస్తాడు: "రెండు రాత్రులు ఓర్చుకోండి సార్, అదే ఊరుకుంటుంది." ఊరుకుంటుందనడంలో అబద్ధం లేదు. అరిచి అరిచి గొంతు పోయాక ఏ ప్రాణి అయినా ఊరుకుంటుంది.

ఈ అలుసు సిద్ధాంతంలో నాకు బాగా నచ్చేది, కుక్కపిల్ల తెలివి మీద దానికున్న నమ్మకం. పుట్టి 35 రోజులు. కళ్లు తెరిచి మూడు వారాలు. తన తోక తనదేనని ఇంకా రూఢిగా తెలియదు. అలాంటి జీవి అర్ధరాత్రి లేచి, "ఇవాళ ఈ ఇంటాయన్ని రప్పించుకున్నానంటే రేపటికల్లా పెత్తనం నాదే" అని పథకం వేస్తుందట. ఆ కుట్రని భగ్నం చెయ్యడానికి ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు ఏసీ గదుల్లో తలుపులు బిగించుకుని, చెవుల మీద దిండ్లు అదుముకుని, పళ్లబిగువున పడుకుంటారు.

మా వీధిలో ఒక చెరువుల ఆసామి ఇంట్లో ఈమధ్య ఆ యుద్ధం జరిగింది. తెచ్చింది హస్కీ పిల్లని. సైబీరియా మంచులో బళ్లు లాగడానికి పుట్టిన జాతి అది. దాన్ని మన ఊరి మే నెలలోకి తీసుకురావడం గురించి విడిగా ఇంకో వ్యాసం రాయాలి. పగలంతా దానికి హాల్లో అల్లుడి మర్యాదే. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటోలు, వాట్సాప్ స్టేటస్సులు, చుట్టాల పిల్లల చేతుల్లోంచి చేతుల్లోకి ఊరేగింపు. రాత్రి సీరియల్ అయిపోగానే తీసుకెళ్లి కారు షెడ్డులో కట్టేశారు. ఉత్త గచ్చు. గచ్చు మీద పాత గోనెసంచి. మెడకి గొలుసు, దూడకైతే సరిపోయేది. స్టీలు పళ్లెంలో గేదెపాలు, పైన మీగడ కట్టి, ఆ మీగడ మీదికి చీమల బారు. పక్కన కారు ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. ఆ రాత్రి ఆ పిల్లకి దొరికిన వెచ్చటి తోడు అదొక్కటే. అదీ చల్లారిపోయాక అరుపు మొదలైంది. పొద్దున చూస్తే ఇనపగేటు అడుగున రంగు గీరుకుపోయి ఉంది.

"చూశారా, ఎంత మొండిదో!" అన్నారు ఆసామిగారు.

ఈ ఆసామిగారినే రొయ్యపిల్ల వేసే రోజున చూడాలి. హేచరీ నుంచి సీడు బయల్దేరిందని ఫోను రాగానే ఇంటిల్లిపాదికీ హడావిడి. ఎండెక్కాక పనికిరాదు, చల్లటి వేళ దిగాలి. ఆక్సిజన్ నింపిన ప్లాస్టిక్ సంచులు దిగుతాయి. వాటిని కోసి చెరువులో గుమ్మరించినవాణ్ని ఈ జిల్లాలో రైతు అనరు. మూతి విప్పకుండా సంచుల్ని నీళ్ల మీద తేలేస్తారు. లోపలి నీళ్ల వేడీ చెరువు నీళ్ల వేడీ ఒకటయ్యేదాకా అరగంట ఆగుతారు. తర్వాత మూతి విప్పి చెరువు నీళ్లు కొంచెం కొంచెం కలుపుతారు, ఉప్పదనం తేడా ఒక్కసారిగా తగిలితే పిల్ల తట్టుకోలేదని. ఆపైన సంచి మెల్లగా వంచితే, పిల్ల దానంతటది ఈదుకుంటూ బయటికి రావాలి. ఆ కాసేపూ గట్టు మీద ఎవరైనా తొందరపెడితే ఆసామిగారు కళ్లెర్రజేస్తారు. కంటికి ఆనీ ఆనని పిల్ల అది. పేరు లేదు, తల్లి ఎవరో తెలియదు, మూడు నాలుగు నెలల్లో ఐసులో పడుకుని అమెరికా పోతుంది. 2025లో ట్రంప్ సుంకాలు వేశాక ఆ ప్రయాణం కూడా అనుమానంలో పడిందనుకోండి. మర్యాదలో మాత్రం లోటు రాలేదు.

రాత్రిళ్ల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. పగలు ఎండకి చెరువులోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడ్డాక ఆ నాచే రొయ్యతో పోటీపడి దాన్ని పీల్చేస్తుంది. తెల్లవారుజాముకి డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోతుంది. మీటరు 4 కిందికి జారిందంటే గట్టు మీద అందరికీ ముచ్చెమటలే. అందుకే రాత్రంతా ఏరియేటర్లు తిరగాలి. రెండింటికి కరెంటు పోతే ఆసామిగారు మంచం దిగి, లుంగీ ఎగ్గట్టి, బండేసుకుని గట్టుకెళ్లి, జనరేటరు వేయించి, అన్ని చక్రాలూ తిరుగుతున్నాయని టార్చి వేసి చూసుకుని గాని తిరిగి రారు. రొయ్య పిలిచిందా? దానికి గొంతే లేదు. నోరులేని జీవి అవస్థని మంచం మీద పడుకుని పసిగట్టగలిగిన మనిషికి, గోడ అవతల గొంతు చించుకుంటున్నది మొండితనంలా వినిపిస్తుంది. చెరువులో లక్షల పిల్ల ఉంది. అంత పిల్లా అలుసైపోతుందని ఇంతవరకూ ఎవరూ భయపడినట్టు లేదు.

పందెం పుంజు సంగతీ అంతే. డేగ అనో నెమలి అనో పేరు, బాదంపప్పు, ఈత, కాపడం, పక్కనే కాపలా మనిషి మంచం. బరిలో దిగాక దాని గతేమిటో, చట్టం ఆ పందేల గురించి ఏమంటుందో జనవరిలో మాట్లాడుకుందాం.

కాబట్టి పసిప్రాణిని కొత్తచోటికి అలవాటు చెయ్యడం మనవాళ్లకి చేతకాదంటే ఒప్పుకోను. ఇంత బాగా తెలిసినవాళ్లు దేశంలో అరుదు. కుక్కపిల్ల దగ్గరికి వచ్చేసరికే ఆ విద్య గేటు బయట చెప్పులతో పాటు ఉండిపోతుంది. "కుక్కని ముద్దు చేస్తే మూతి నాకుతుంది" అని ఒక సామెత తీసి అడ్డం వేస్తారు. నాకుతుందండీ, నిజమే. 35 రోజుల పిల్ల మూతి నాకక ఇంకేం చేస్తుంది, రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లి ఇల్లు తన పేర రాయించుకుంటుందా?

ఈ సిద్ధాంతానికి విదేశీ తాతగారు కూడా ఉన్నారు. జాన్ వాట్సన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1928లో తల్లుల కోసం ఒక పుస్తకం రాశాడు. పిల్లల్ని కావిలించుకోవద్దు, ముద్దులు పెట్టొద్దు, పొద్దున కనిపిస్తే చెయ్యి కలపండి చాలు అన్నాడు. మనుషుల పిల్లల విషయంలో ఆ సలహా అక్కడ ఎప్పుడో అటకెక్కింది. మన కారు షెడ్లలో ఇంకా అమల్లో ఉంది.

ఒంటరిగా వదిలిన కుక్కపిల్ల ఏడుపు దేనికి తగ్గుతుందో అదే అమెరికాలో 1977లో కొందరు లెక్కగట్టి చూశారు. తిండి పెడితే పెద్దగా తగ్గలేదు. మెత్తటి వస్తువేదైనా పెడితే కొంత తగ్గింది. మనిషి పక్కన ఉంటే బాగా తగ్గింది. ఆ మరుసటేడు జాక్ పాంక్‌సెప్ బృందం కొద్దిపాటి మార్ఫిన్‌తో కూడా ఆ ఏడుపు తగ్గుతుందని చూపించింది. దెబ్బ తగిలితే కలిగే బాధా ఒంటరితనపు బాధా మెదడులో దగ్గర దగ్గర దార్లలోనే నడుస్తాయని అనుకోవడానికి అలా ఆధారం దొరికింది.

మార్ఫిన్ పేరు వినగానే ఎవరైనా మందుల షాపుకి బయల్దేరతారేమోనని భయంగా ఉంది. ఎందుకంటే ఆ బాపతు వైద్యం మన వీధుల్లో ఇప్పటికే నడుస్తోంది. "చంటిపిల్లల దగ్గుమందు ఒక మూత పొయ్యండి, హాయిగా పడుకుంటుంది." "జ్వరం మాత్ర అరముక్క వెయ్యండి." డాక్టరు చెప్పకుండా వేస్తే అది తెల్లారేసరికి కుక్కపిల్ల ప్రాణం మీదికి తేగలదు. రొయ్యమేత బస్తా మీద ప్రొటీను శాతాన్ని కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివే మనిషి, దగ్గుమందు సీసా మీద ఏముందో ఒక్కసారీ చదవడు. ఇక పడుకోబోయే ముందు చెంబుడు గేదెపాలు పట్టించేవాళ్లున్నారు. వాళ్ల పుణ్యమా అని పిల్ల అర్ధరాత్రి దాకా ఒంటరితనానికీ, ఆ తర్వాత కడుపునొప్పికీ ఏడుస్తుంది.

అసలు 35 రోజుల పిల్ల అమ్మకానికి ఎలా వచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017లో నియమాలు తెచ్చింది. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. పిల్లల్ని పుట్టించి అమ్మేవాడు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. ఎనిమిది వారాలంటే 56 రోజులు. తల్లి పక్కన, తోడబుట్టినవాళ్ల కుప్పలో పడి నిద్రపోవాల్సిన ఆ మిగిలిన మూడు వారాలనీ అమ్మేవాడు మేత ఖర్చు కింద మిగుల్చుకున్నాడు. అవే మూడు వారాలు మన షెడ్డులో ఏడుపై వినిపిస్తున్నాయి. సీడు కొనేటప్పుడు వయసెంత, పీసీఆర్ రిపోర్టు ఏదీ అని గుచ్చి గుచ్చి అడిగే ఆసామిగారు, కుక్కపిల్ల దగ్గర అడిగిన ప్రశ్న ఒక్కటే: "కళ్లు నీలంగానే ఉంటాయా?"

ఎదురింటి అత్తయ్యగారి గోల వేరు. అర్ధరాత్రి కుక్క ఏడిస్తే అరిష్టమని ఆవిడ మూడు వీధులకీ కబురు పంపారు. ఆవిడ కోసం పాత కథ ఒకటి గుర్తు చెయ్యాలి. ఈ గోదావరి ఒడ్డునే, రాజమహేంద్రవరంలో, రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వం తెరిస్తే, మొదట్లోనే ఒక కుక్కపిల్ల ఏడుస్తూ కనిపిస్తుంది. యాగం జరిగేచోట తిరుగుతుంటే దాన్ని జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారు. ఆ తమ్ముళ్లలో ఒకడి పేరు భీమసేనుడు. మనకీ అతనికీ సంబంధం లేదు లెండి, మన ఊరి పేరు చాళుక్య భీముడి ఖాతాలో ఉందంటారు. పిల్ల ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి పోయింది. "ఏడవనీ, అదే ఊరుకుంటుంది" అని సరమ అనుకోలేదు. నేరుగా జనమేజయుడి దగ్గరికొచ్చి, తప్పు చెయ్యని పసివాణ్ని కొట్టారు, మీకు అనుకోని భయాలు తప్పవు అంది. అంతటి రాజూ కలవరపడి, శాంతి చేయించడానికి తగిన పురోహితుణ్ని వెతుక్కుంటూ బయల్దేరాడు. అత్తయ్యగారూ, అరిష్టం ఏడ్చినవాళ్ల వల్ల కాదు, ఏడిపించినవాళ్ల వల్ల వచ్చిందండి అక్కడ.

వీధిలో ఫిర్యాదులు ఎక్కువయ్యేసరికి ఆసామిగారు హస్కీని చెరువు గట్టుకి పంపించేశారు. "గట్టు మీద నాలుగు రోజులుంటే పొగరణుగుతుంది" అన్నారు. అక్కడున్న కాపలా ముసలాయనకి అలుసు సిద్ధాంతం ఎవరూ చెప్పలేదు. ఆయన ఖాళీ మేత బస్తాలు మడిచి అట్టపెట్టెలో పరిచాడు, పైన తన పాత లుంగీ వేశాడు, పెట్టెని నులకమంచం పక్కనే, దోమతెర లోపలికి జరిపాడు. పిల్ల కుయ్‌మంటే మంచం మీంచే చెయ్యి వేలాడేశాడు. అది ఆ వేళ్లని కాసేపు కొరికి నిద్రపోయింది. ఏరియేటర్లు చూడ్డానికి రాత్రి ఎలాగూ లేస్తాడు కాబట్టి దాన్నీ చంకనేసుకుని వెళ్తాడు. అంత పసిపిల్ల రాత్రంతా ఉగ్గబట్టుకోలేదు కదా. గట్టు మీద దాని పని అది కానిస్తుంది. ముద్దుల్లేవు, ఆటల్లేవు, మళ్లీ పెట్టెలోకి. కొన్నాళ్లకి పెట్టె మంచం దగ్గర్నుంచి షెడ్డు గుమ్మం దాకా జరిగింది. అది పట్టించుకోలేదు.

ఆసామిగారు ఈ ఫలితాన్ని పెళ్లి భోజనాల్లో చెప్పుకుంటున్నారు. మొదటి రాత్రులు తాను గుండె రాయి చేసుకుని వెళ్లకపోవడం వల్లే దారికొచ్చిందట. వాళ్ల బావమరిదికి కూడా అదే చెప్పారు, ఆయనేమో లాబ్రడార్‌కి అడ్వాన్సు ఇచ్చి వచ్చాడు. ఈమధ్య మాత్రం ఆసామిగారికి కొత్త బెంగ పట్టుకుంది. కుక్క రాత్రిళ్లు బొత్తిగా నోరెత్తడం లేదట. కాపలాకి పనికిరాదేమో, దీన్నిచ్చేసి డోబర్‌మ్యాన్ పిల్లని తేవాలా అని నన్నడిగారు.