నేను మోసిన లోడు

నేనొక పవర్ అడాప్టర్‌ని. పొడవు జానెడు. ఒక కొసన ఎనిమిది పిన్నుల ప్లగ్గు, రెండో కొసన రెండు శాటా ప్లగ్గులు, మధ్యలో పసుపు, నలుపు వైర్లు. కంప్యూటర్ పవర్ సప్లైలో, అంటే ఎస్ఎంపీఎస్‌లో, గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే వైరు లేనివాళ్ళు నన్ను కొంటారు. చిలకలూరిపేటలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఒక కుర్రాడి ఇంటికి అలాగే చేరాను.

నాకంటే ముందు ఆ ఇంటికి ఆర్ఎక్స్ 580 అనే కార్డు వచ్చింది, సెకండ్ హ్యాండులో. 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ మైనింగు అక్కర్లేని పద్ధతికి మారాక, క్రిప్టో మైనింగుకు వాడిన ఇలాంటి కార్డులు కుప్పలుగా బజారుకొచ్చాయి. ఈ కార్డుకు 185 వాట్లు కావాలి. మదర్‌బోర్డు స్లాటు 12 ఓల్టుల మీద ఇవ్వగలిగేది 66 వాట్లు. తక్కినదంతా, అంటే సుమారు పది ఆంపియర్లు, నా మీదుగా వెళ్ళాలి.

శాటా ప్లగ్గును చేసింది హార్డ్ డిస్కు కోసం. అందులో 12 ఓల్టులకు మూడు సన్నటి రేకులుంటాయి. ఒక్కో రేకు మోసేది ఒకటిన్నర ఆంపియరు. ప్లగ్గు మొత్తానికి నాలుగున్నర, అంటే 54 వాట్లు. నా రెండు ప్లగ్గులూ కలిపినా 108 దాటవు. కానీ నా ఎనిమిది పిన్నుల మూతి కార్డుతో 150 వాట్లు తీసుకోమంటుంది. అందులో రెండు సెన్స్ పిన్నులున్నాయి. అవి గ్రౌండుకు కలిసి ఉంటే ఇక్కడ 150 వాట్లు దొరుకుతాయని కార్డుకు అర్థం. నన్ను చేసినవాళ్ళు ఆ రెంటినీ నల్ల వైరుకు కలిపేశారు, వెనకాల ఏ ప్లగ్గు ఉందో చూడకుండానే. నేను పుట్టడమే నిలబెట్టుకోలేని మాట ఇచ్చి పుట్టాను.

మాఘమాసం వచ్చింది. పెళ్ళిళ్ళ మీద పెళ్ళిళ్ళు. కుర్రాడు రాత్రి రెండర్ పెట్టి పడుకునేవాడు, కార్డు తెల్లవార్లూ ఫుల్ లోడు మీద ఉండేది. కుర్రాడి నాన్న గణపవరంలో స్పిన్నింగ్ మిల్లు పనికి వెళ్తాడు. బట్టలతో పాటు వచ్చే పత్తి నూగు క్యాబినెట్‌లోకి చేరి నా శాటా ప్లగ్గు మీదే పేరుకునేది. ఆ ప్లగ్గు ప్లాస్టిక్ మెత్తబడి గోధుమరంగుకు తిరిగింది. ఒక రాత్రి వాళ్ళమ్మ లేచి, "ఏందిరా ఆ కమురు వాసన?" అంటూ బోర్డులో స్విచ్ ఆపేసింది. ఆ పక్కనే నూగు ఉంది. ఆవిడ లేవకపోతే ఏమయ్యేదో తలుచుకోవాలంటే ఇప్పటికీ నాకు భయమే.

మర్నాడు వాళ్ళ మేనమామ వచ్చాడు. ఆయన ఎలక్ట్రీషియన్. శివరాత్రికి పురుషోత్తమపట్నం నుంచి కోటప్పకొండకు కదిలే ఎత్తైన ప్రభలకు లైట్లు కడతాడు. అంత ఎత్తు కట్టడం ఊగుతూ, కుదుపులు తింటూ కొండదాకా వెళ్ళాలి, దారిలో ఒక్క వరస కూడా ఆరిపోకూడదు. అందుకని ఆయన కన్ను ముందు వైరు మీద పడదు, అతుకు మీద పడుతుంది. నన్ను వెలుతురులోకి తీసి తిప్పి చూశాడు.

"వైరు శుభ్రంగా ఉందిరా. కాలింది ఈ శాటా మూతి. ఎప్పుడైనా అంతే, ముందు జాయింటే కాలిద్ది."

"పవర్ సప్లై 450 వాట్లు కదా మావయ్యా?"

"స్టిక్కరు మీద పెద్దంకె కాదు, 12 ఓల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశాడో అది చూడు."

చూస్తే 28 ఉంది. కార్డుకూ ప్రాసెసరుకూ కలిపి అది చాలు. లోపం నా దగ్గరే. రెండు లోహాలు సరిగ్గా తగలని చోట కరెంటుకు కాస్త అడ్డు ఉంటుంది, ఆ అడ్డు దగ్గర వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. వేడికి రేకు సడలుతుంది, సడలితే అడ్డు పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది.

ఆ సాయంత్రం వరండాలో నాకు కొత్త కొసలు వచ్చాయి. శాటా ప్లగ్గులు రెండూ కత్తిరించి పారేశారు. వాటి స్థానంలో పాతకాలపు నాలుగు పిన్నుల మోలెక్స్ ప్లగ్గులు. వాటి గుండ్రటి పిన్ను మందంగా ఉంటుంది, ఐదు ఆంపియర్లు దానికి బరువు కాదు. పసుపు వైరు 12 ఓల్టుల గడిలోకి, నల్లవి మధ్య రెండు గడుల్లోకి. ఐదు ఓల్టుల ఎర్ర వైరు గడి ఖాళీగా వదిలేశారు. మెలితిప్పి టేపు చుడదామన్నాడు కుర్రాడు. మావయ్య ఒప్పుకోలేదు. ప్రతి వైరుకూ పిన్ను తొడిగి, క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, గట్టిగా లాగి చూశాడు. రెండు ప్లగ్గులనూ ఒకే వైరుకు తగిలించకుండా ఎస్ఎంపీఎస్ నుంచి విడిగా వచ్చే రెండు వైర్లకు పెట్టించాడు.

కార్డుకు తగిలించే ముందు మల్టీమీటరుతో పసుపు ఎటు, నలుపు ఎటు అని పిన్ను పిన్నూ చూశారు. ఇది తప్పనిసరి. ప్రాసెసరుకిచ్చే ఎనిమిది పిన్నుల ప్లగ్గు చూడ్డానికి నాలాగే ఉంటుంది, కానీ నాలో పసుపు ఉన్న వరసలో దానికి నలుపు ఉంటుంది. అంచులు అరగదీసి దాన్ని కార్డులోకి దూర్చితే కార్డు పాడైపోవచ్చు. తర్వాత లోడు పెట్టి గంటసేపు కూర్చున్నారు. 12 ఓల్టులు 11.4 కంటే దిగకూడదు. 11.8 దగ్గర నిలిచింది. ప్లగ్గు పట్టుకుంటే గోరువెచ్చగా కూడా లేదు.

ఈ కష్టం చవక అడాప్టర్లకే పరిమితం కాదు. 2022 అక్టోబరులో ఆర్టీఎక్స్ 4090 కార్డుతో పాటు డబ్బాలో వచ్చిన అడాప్టర్లు కొన్ని కొన్నాళ్ళకే కరిగాయి. ప్రపంచవ్యాప్తంగా సుమారు 50 కేసులు తమ దృష్టికి వచ్చాయని ఎన్విడియా నవంబరులో చెప్పింది, ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోవడమే చాలావాటిలో కనిపించిందంది. ఆ కొత్త ప్లగ్గు 600 వాట్లకు చేసింది. ఆరు పిన్నులు పంచుకుంటే ఒక్కోదానికి 8.3 ఆంపియర్లు, పరిమితి తొమ్మిది చిల్లర. నాలాంటి పాత ప్లగ్గులో 150 వాట్లకు పిన్నుకు 4.2 మాత్రమే. మిగులు అంత తగ్గించడం సరైన పని కాదని నా అభిప్రాయం. తర్వాత సవరించిన ప్లగ్గులో సెన్స్ పిన్నులను పొట్టివి చేశారు, సరిగ్గా దిగకపోతే కార్డు కరెంటు అడగదు. మంచి మార్పే. అయినా 2025లో 575 వాట్ల ఆర్టీఎక్స్ 5090 వచ్చాక కూడా కరిగిన ప్లగ్గుల వార్తలు వచ్చాయి.

నేను ఇచ్చిన మాట ఇప్పుడు నిలబెట్టుకోగలను. కానీ ప్రతి ఇంట్లో ప్రభలకు లైట్లు కట్టే మేనమామ ఉండడు. అందుకని చదివేవాళ్ళకు నా మనవి: మీ కార్డు కరెంటు శాటా ప్లగ్గు మీదుగా వెళ్తుంటే ఈ రోజే ఆపండి. క్రింపింగ్, మీటరు చేతనైనవాళ్ళు లేకపోతే నన్ను ఇంట్లో కోయకండి. ఎనిమిది పిన్నుల వైరు తనతోనే వచ్చే ఎస్ఎంపీఎస్ కొనుక్కోండి, నన్ను కొనకండి.