నేను టౌంగ్ బిడ్డ పుర్రెను

నా వయసు నా పళ్ళే చెబుతాయి. పాలపళ్ళు ఒక్కటీ ఊడలేదు. వాటి వెనక మొదటి దవడపళ్ళు అప్పుడప్పుడే పైకి వస్తున్నాయి. చనిపోయేనాటికి నాకు మూడు నాలుగేళ్ళుంటాయి. ఆ తర్వాత 25 లక్షల ఏళ్ళు దాటిపోయాయి.

నా చావు పైనుంచి వచ్చింది. చాలాకాలం చాలామంది ఏ చిరుతపులో చంపి ఉంటుందనుకున్నారు. కాదు, పెద్ద గద్ద పని అని 1995లో శాస్త్రవేత్తలు లీ బెర్గర్, రాన్ క్లార్క్ అన్నారు. ఇప్పటి గద్దలు తిని వదిలేసిన కోతుల పుర్రెల మీద ఎలాంటి గాట్లుంటాయో, అలాంటివే నా కంటిగుంతల అడుగున ఉన్నాయని బెర్గర్ 2006లో చూపించాడు. మా తల్లులు బిడ్డను నేలమీద దించాలంటే ఆకాశం వైపు కూడా చూసుకోవాల్సి వచ్చేది.

సున్నపు నీళ్ళతో తడిసిన ఇసుక నా తలలో నిండి రాయిగా గట్టిపడింది. మెదడు పోయినా దాని అచ్చు మిగిలింది. దానిమీద రక్తనాళాల జాడలు నేటికీ కనిపిస్తాయి. ఒక పక్క స్ఫటికాలు తళుక్కుమంటాయి.

1924లో దక్షిణాఫ్రికాలోని టౌంగ్ సున్నపురాయి గనిలో బయటపడ్డాను. రాళ్ళ పెట్టెలో జొహానెస్‌బర్గ్‌కు, శరీర నిర్మాణ శాస్త్రం బోధించే రేమండ్ డార్ట్ చేతికి చేరాను. మొహమంతా రాతిలో కూరుకుపోయి ఉంది. ఆయన తన భార్య ఊలు అల్లుకునే సూదులతో ఓపిగ్గా గీకి గీకి నన్ను బయటికి తీశాడు.

ఆయన చూపును కట్టిపడేసింది వెన్నుపాము దిగే రంధ్రం. నాలుగు కాళ్ళ మీద నడిచే కోతికి అది పుర్రె వెనకభాగాన ఉంటుంది. నాకు అడుగున, బాగా ముందుకు జరిగి ఉంది. నెత్తిన బిందె నిలిచినట్టు నా తల వెన్నెముక మీద నిలిచేదన్నమాట. నేను రెండు కాళ్ళ మీద నడిచాను! మెదడు మాత్రం సుమారు 400 సీసీ, ఇంచుమించు చింపాంజీ మెదడంత. నడక ముందు వచ్చింది, పెద్ద మెదడు చాలా తర్వాత వచ్చింది. డార్ట్ నాకు ఆస్ట్రలోపిథెకస్ ఆఫ్రికానస్ అని పేరుపెట్టి 1925 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ప్రకటించాడు.

బ్రిటన్ పండితులు ఒప్పుకోలేదు. పిల్ల కోతుల మొహాలు ఎలాగూ మనిషి పోలికతో ఉంటాయన్నారు. ఆ అనుమానం న్యాయమైనదే. కానీ వాళ్ళను అంతకంటే గట్టిగా పట్టి ఉంచింది ఇంగ్లండ్‌లో దొరికిందన్న పిల్ట్‌డౌన్ పుర్రె. దానికి పెద్ద మెదడు, కోతి దవడ. మెదడే ముందు పెరిగిందన్న వాళ్ళ నమ్మకానికి అది సరిగ్గా సరిపోయింది. మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ జతచేసిన మోసమది. ఆ సంగతి 1953లో గానీ బయటపడలేదు. అబద్ధపు ఎముక గౌరవం పొందుతుంటే నిజమైన ఎముక ఏళ్ళ తరబడి సందేహాల పాలైంది. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

మావాళ్ళే నన్ను గెలిపించారు. శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూమ్ 1936 నుంచి స్టెర్క్‌ఫాంటైన్ గుహల్లో మా జాతి పెద్దల ఎముకలు వెలికితీశాడు. 1947లో దొరికిన కటి ఎముక నిటారు నడకకు తిరుగులేని సాక్ష్యమైంది. నన్ను కాదన్నవాళ్ళలో పెద్దవాడైన ఆర్థర్ కీత్, డార్ట్ చెప్పిందే నిజమని ఆ ఏడే పత్రికాముఖంగా ఒప్పుకున్నాడు.

ఏ మ్యూజియంలోనో, కాలేజీ ల్యాబ్‌లోనో మనిషి పుర్రె నమూనా మీ చేతికొస్తే, ఒక్కసారి తిరగేసి అడుగునున్న రంధ్రం ఎక్కడుందో చూడండి.