ఎండకు వచ్చిన చుట్టము

సంక్రాంతికి వచ్చు అల్లుడును, వేసవి సెలవులకు వచ్చు మేనల్లుడును మనకు తరతరాలుగా తెలిసిన చుట్టములే గాని, ఇటీవల నెల్లూరిసీమలో కార్తిక మార్గశిరముల నడుమ ప్రత్యక్షమగుచున్న మూడవ చుట్టమును గూర్చి ఎవరును పూనికతో వ్రాసినట్లు లేదు. ఇతడు మనలను చూచుటకు రాడు. ఎండను చూచుటకు వచ్చును. షికాగోలోనో ఆ చుట్టుప్రక్కలనో ఉద్యోగించుచు, డిసెంబరులో సాయంకాలము నాలుగున్నర కాకమునుపే సూర్యుడు గ్రుంకు ఆ దేశమున డి విటమిను మాత్రలు మ్రింగి మ్రింగి విసిగి, తోడి ఉద్యోగులు ఫ్లోరిడాకో మెక్సికో తీరమునకో పోయి ఒడలు కాచుకొని వచ్చుట చూచి, సొంత సముద్రముండగా అద్దె సముద్రమేలయను స్వదేశాభిమానముతో విమానమెక్కు ఈ మహానుభావునకు నేను ఆతపార్థియని పేరు పెట్టితిని.

ఊరివారెల్లరు మంకీ టోపీలు చెవులమీదికి లాగుకొని, చలి చంపుచున్నదని ఒకరితో నొకరు చెప్పుకొను వేళ, ఇతడు మోకాళ్లు దాటని లాగుతో ట్రంకురోడ్డు మీద విహరించును. ఎండకొరకు సప్తసముద్రములు దాటి వచ్చినవాడు, ఎండ సోకకుండ ముఖమునకు తెల్లని లేపనమొకటి దట్టించుకొనును. ఇందలి తర్కమును నేను పలుమారులడిగితిని గాని, అతడు చెప్పిన సమాధానము ఒకసారి చెప్పినట్లు మఱియొకసారి లేదు.

ఇతని జ్ఞాపకశక్తిలో లోపమొకటి కలదు. రోహిణి కార్తెలో మైపాడు ఇసుకపై అరికాళ్లు బొబ్బలెక్కినది ఇతనికి గుర్తుండును గాని, దీపావళి టపాకాయలు తడిసి చీదిపోయినది గుర్తుండదు. తక్కిన దేశమున నైరృతి ఋతుపవనము వెనుదిరిగి ఆకసము తేటపడు వేళకే మనకు ఈశాన్యము మొదలగుననియు, ఏడాది వానలో సగమునకు పైగా అక్టోబరు డిసెంబరుల నడుమనే మన నెత్తిన పడుననియు ఇతడు బడిలో చదివియే యుండును. పరీక్ష వ్రాసినవెంటనే మఱచియు నుండును. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు వైపు జాతీయ రహదారిని కోసివేసి, పడుగుపాడు దగ్గర రైళ్లను నిలిపివేసినప్పుడు ఇతడు షికాగోనుండి ఫోను చేసి, "జాగ్రత్త" యని చెప్పినవాడే.

పక్షులు నయము. పులికాటునకు వచ్చు రాజహంసలును, నేలపట్టు చెరువున గూళ్లు కట్టు గూడబాతులును ఈ ఋతువుననే వచ్చును గాని, అవి ఎండకు రావు. వాన నింపిన నీటికి వచ్చును. (2022 లో జిల్లాలు చీలినప్పుడు ఈ రెండును తిరుపతి జిల్లా పాలైనవి; ఆ దుఃఖము వేరు.)

మా మేనత్త కుమారుడు 2023 డిసెంబరు 2వ తేదీ శనివారమున చెన్నైలో దిగెను. మఱి రెండు దినములు ఆలస్యమైనచో విమానాశ్రయమే మూతపడి వానిని కాపాడియుండెడిది. విధి అంత దయ చూపలేదు. రాత్రి భోజనమువేళ, రేపు సముద్రమొడ్డున ఎండలో పండుకొనెదనని అతడు ప్రకటింపగా మా అత్త అన్నములో పులుసు పోయుట మాని, "ఎండలో పండుకునేదానికి నువ్వేమన్నా వడియానివా అబ్బయా? నల్లబడితే పిల్లనెవరిస్తారు?" అనెను.

ఆదివారమున, నల్లకళ్లజోడు, చాప, లేపనము సహితముగా, నన్ను తోడు తీసికొని అతడు ఇరువదియైదు కిలోమీటర్లు పోయి మైపాడు చేరెను. ఆకాశము తడిసిన గోనెవలె వ్రేలాడుచుండెను. కార్తిక పున్నమినాడు పుణ్యస్నానములతో క్రిక్కిరిసిన ఆ తీరమున, వారమైనను గడవకమునుపే, వల బాగుచేసికొనుచున్న వృద్ధుడొక్కడు తప్ప నరుడు లేడు. "వాయుగుండం పడుండాది సామీ, ఎండ యాడుంటాది? పడవలే గట్టుకు లాగేసుంటిమి," అని అతడు చెప్పుచుండగనే మావాడు చాప పఱచి పండుకొని, ముప్పావుగంటసేపు మబ్బును కాచుకొనెను. పిమ్మట చినుకులు పడెను.

ఆ రాత్రి మొదలుకొని మూడు దినములు మిచౌంగు తుపాను, పేరంటమునకు పిలువ బయలుదేరిన పెద్దముత్తైదువ ప్రతి గుమ్మమువద్దను నిలిచి క్షేమసమాచారములడిగినట్లు, తీరమువెంబడి ఊరూరును పలుకరించుచు మెల్లగా ఉత్తరమునకు ప్రాకి, 5వ తేదీ మధ్యాహ్నమునకుగాని బాపట్లయొద్ద గట్టెక్కలేదు. కరెంటు పోయినది. నట్టింట కట్టిన దండెములపై ఆఱని చీరల క్రింద, తండ్రి పంచె కట్టి, తండ్రి మంకీ టోపీయే పెట్టి, కొవ్వొత్తి యెదుట కూర్చున్న ఆతపార్థిని చూచి ఆ తండ్రి, "టిక్కెట్టు కొనేముందు కార్తె చూసుకోవద్దంట్రా?" అని ఒక్కమాట మాత్రమనెను. చేపల పులుసైనను దక్కునాయన్న, పడవలు పోనిది చేపలెక్కడివి? మా అత్త అటకమీది డబ్బా దింపి ఎండు నెత్తళ్లు వేయించెను. ఆ ఇంట మైపాడు ఎండను తనివితీర ననుభవించినవి ఆ నెత్తళ్లొక్కటే. అతడు వానిని అసూయతో నమలెను.

తుపాను పోయిన రెండుదినములకు పెళపెళలాడుచు ఎండ కాసెను. అతడు చాపతో మిద్దె యెక్కునప్పటికే మా అత్త అచ్చటికి పరుపులు, బొంతలు, చీరలు, మెత్తబడిన మిరపకాయలు, చింతపండు, వాని పెట్టెలోనే చెమ్మగిల్లిన పాస్‌పోర్టును సైతము చేర్చి, దానిమీద రోకలిబండను బరువుంచి, గుమ్మటమువంటి గొడుగు క్రింద కఱ్ఱ పట్టుకొని కాకులను అదలించుచుండెను. బొంతకును మిరపకాయలకును నడుమ మూరెడు వెడల్పు చోటు దొరకగా అతడు ఒదిగి పండుకొనెను. అరగంట గడచిన పిమ్మట మా అత్త పరుపులన్నిటిని వరుసగా తిరగవేసికొనుచు వచ్చి, వానియొద్ద నిలిచి, వీపుమీద చేయివేసి చూచి,

"అబ్బయా, ఈ పక్క ఎండినట్టుండాది. ఇంక అటు తిరిగి పండుకో," అనెను.