ప్రస్థానాచార్యులు

రైలెక్కువారు వేరు, రైలు ప్రయాణమును సంకల్పించువారు వేరు. మొదటి తెగవారు కూతురి పురుడనియో, కోర్టు వాయిదాయనియో, మేనల్లుని పెండ్లియనియో ఏదో యొక నిమిత్తమున సంచి భుజమున వైచికొని స్టేషనుకు పోయి, వచ్చిన బండి యెక్కి, చోటు దొరికినచోట కూర్చుండి, దిగవలసినచోట దిగిపోవుదురు. వీరిని గూర్చి వ్రాయవలసినది లేదు. రెండవ తెగవారికి పురుడు లేదు, వాయిదా లేదు, పెండ్లి లేదు. అసలు పోవలసిన ఊరే లేదు. కొండలును, లోయలును, సొరంగములును గల యొక దారివెంట పగలెల్ల కిటికీకి ముఖమానించి పోయి రావలయునన్నదే వారి జీవితేచ్ఛ. ఇట్టివారు వీధికొకరైనను ఉందురు. మా వీధిలోనివారిని మేము ప్రస్థానాచార్యులవారందుము. ఆ బిరుదు మేమిచ్చినదే యైనను, వారు దానిని న్యాయముగా రావలసిన బాకీవలె స్వీకరించిరి.

ఆచార్యులవారి రూపము సామాన్యము. ఉద్యోగవిరమణానంతరము వచ్చిన చిన్న బొజ్జ, చొక్కా జేబులో నాలుగు రంగుల కలము, చంకలో అట్ట చినిగిన నోటుపుస్తకము. మధ్యాహ్నభోజనమైన పిమ్మట వారి యీడువారు దినపత్రిక ముఖముపై కప్పుకొని కునుకు తీయువేళ, వీరు వాలుకుర్చీలో కూర్చుండి, ఏనాటిదో యొక రైల్వే కాలపట్టికను విప్పి, ఎర్రసిరాతో గీతలు గీయుచు, నడుమ నడుమ "ఆహా" యనుచుందురు. ఏమి చూచి ఆహాయనిరో యని తొంగిచూచితిమేని, ఒక చిన్న స్టేషనునుండి మరియొక చిన్న స్టేషనుకు పట్టుమని పది కిలోమీటర్లు లేని దూరమునకు అరగంటకు పైగా కాలము వేయబడియుండును. బండి అంత మెల్లగా పోవుచున్నదనిన అచ్చట కొండ యెక్కుచున్నదన్నమాట. కొండ యెక్కుచున్నదనిన ప్రక్కన లోయ యున్నదన్నమాట. అంకెలలో అరణ్యమును చూడగల దృష్టి వారిది.

వేగమనిన వారికి గిట్టదు. వందేభారత్ బండిని ఎవరేని పొగడిరా, పరనింద విన్నట్లు మొగము ముడుచుకొందురు. నీలగిరి కొండబండి ప్రసంగము వచ్చినదా, ఇక కండ్లు చెమర్చును. మెట్టుపాళయమునుండి ఉదకమండలమునకు 46 కిలోమీటర్లు; పట్టాల నడుమనున్న పండ్లకమ్మిని పండ్లచక్రముతో కరచిపట్టుకొని యెక్కు ఆ చిన్నబండికి దాదాపు అయిదు గంటలు పట్టును. "ఒక్క టికెట్టుకి అయిదు గంటలండీ! ఈ రోజుల్లో ఎవడిస్తాడు?" అందురు. అదే బండి దిగునప్పుడు మాత్రము మూడున్నర గంటలలోనే క్రిందికి తెచ్చి పడవేయునని తెలిసినప్పటినుండి దిగుబండి యెక్కరాదని వారి నిశ్చయము. మరి కొండ యెట్లు దిగుదురని యడిగితిని. ఆ విషయము వేరొక పుటలో నున్నదనిరి.

రాజమహేంద్రవరమున పుట్టినవారికి వంతెనల పిచ్చి కొంత సహజము. 1997లో విశ్రాంతి గైకొన్న పాత హేవ్‌లాక్ వంతెనను గూర్చి వారు గతించిన బంధువును తలచినట్లు తలతురు. ఏ బండి 1974 నాటి రోడ్డు-రైలు వంతెనమీదుగా పోవునో, ఏది ఆర్చీల వంతెనమీదుగా పోవునో వారికి కంఠస్థము. నది చూచుటకు ఏ కిటికీ, ఏ వేళ, ఏ వంతెన ప్రశస్తమో పరిశోధించుటకై పనిలేకున్నను కొవ్వూరువరకు పోయి వత్తురు. ఈ పరిశోధనకు విఘాతము కలిగించునది గోదావరీభక్తి యొక్కటే. వంతెన చప్పుడు వినబడగనే, అంతవరకు గుర్రుపెట్టి నిద్రించిన ముత్తైదువ సైతము దిగ్గున లేచి, కొంగుముడి విప్పి రూపాయి తీసి, ఆచార్యులవారి మీదుగా కిటికీలోనికి వ్రాలును.

"అమ్మా, కాస్త తప్పుకోండి, నాలుగో ఆర్చీ పోతోంది."

"పోతే పోయింది బాబూ, వెనకాల అయిదోది రాదూ? గోదారమ్మకి రూపాయి వెయ్యనీ."

ఇట్టి మహానుభావుడు తన సంకల్పములన్నింటికి శిరోభూషణముగా ఎంచుకొన్నది విశాఖపట్టణమునుండి కిరండూల్ పోవు బండి. అందరును అరకులో దిగిపోవుదురు. ఆచార్యులవారి మతమున అరకులో దిగువాడు కథ మధ్యలో పుస్తకము మూసినవాడు. కొత్తవలసనుండి కిరండూల్ దాక దాదాపు 450 కిలోమీటర్లు పోయి తీరవలయును. ఈ మార్గమును ఎవరును అందచందములకై వేయలేదు. బైలాడిలా గనులలోని ఇనుపఖనిజమును విశాఖ రేవునకు దింపి జపానుకు పంపుటకై, ఆ జపానువారి సహకారముతో, 1960వ దశకమున తూర్పు కనుమలను తొలిచి 58 సొరంగములు చేసి వేసిన దారి యిది. సౌందర్యము దానికి పనిలోపనిగా అబ్బినది. కావున నేటికిని ఆ దారికి యజమాని ఖనిజమే. మనుష్యుల బండి దానికి దారి విడిచి నిలువవలసినదే. ఈ సంగతి యెరిగియు ఆచార్యులవారు దానిని తమ లెక్కలలో చేర్చలేదు. ప్రణాళికలు వేయువారు దేశములు నడపువారైనను ఇంతియే గదా!

ఆ దారిలో 996 మీటర్ల ఎత్తున శిమిలిగూడ స్టేషను కలదు. పెద్దలైనుమీద దేశమునకెల్ల ఎత్తైన స్టేషనన్న కీర్తి దానికి చిరకాలముండెను. కాశ్మీరులోయలో పెద్దలైను పడుటతో ఆ కీర్తి పోయినది. కాశ్మీరమునకు రైలు వచ్చినదని తక్కినవారెల్ల హర్షించుచుండగా, ఆచార్యులవారు మాత్రము ఆస్తి దావాలో ఓడినవారి మొగముతో వచ్చి, "శిమిలిగూడకి అన్యాయం జరిగిందండీ" అనిరి.

ఇక ఋతునిర్ణయము. శ్రావణ భాద్రపదములలో కొండలు పచ్చనై జలధారలు దుముకును. కాని కొండచరియలు విరిగి పట్టాలపై బడి బండ్లు నిలిచిపోవుటయు అప్పుడే. అరకులోయ వలిసెపూలతో పసుపుపచ్చనైనప్పుడు పోవుదమన్నచో కార్తికము తోడగును. వనభోజనములకై జిల్లాజిల్లా కదలివచ్చును. పుష్యమున పొగమంచు, మంచు చూచుటకే వచ్చువారున్నారుగాని, ఆచార్యులవారి వాదమేమనగా, మంచు కనబడినచో లోయ కనబడదు, లోయ కనబడనిచో టికెట్టులో ఆ భాగము దండుగ. మాఘమాసమున గడ్డి యెండును. ఇట్లు సంవత్సరములో పండ్రెండు మాసములలో ఒక్కొక్కదానిని త్రోసివేయగా మార్గశిరము మిగిలినది. మిగిలినదే శ్రేష్ఠమైనదని వారు సిద్ధాంతీకరించిరి.

తరువాతి శాస్త్రము కిటికీశాస్త్రము. బండికి కుడివైపు కూర్చుండవలెనా, ఎడమవైపా? ఈ విషయమై వారు అరకు పోయివచ్చిన వారినెల్ల విచారించి, సాక్ష్యములు నమోదు చేసికొని, సాక్షులలో సగము మంది తమ కుడిచేయి ఏదో తమకే తెలియక చెప్పిరని తేల్చి, చివరకు ఎడమవైపని తీర్పు వ్రాసిరి. "2017లో అద్దాల బోగీ వేసినారు గదా, చుట్టును అద్దములే, కప్పు కూడ అద్దమే, కుర్చీ ఎటుబడిన నటు తిరుగును, అందులో పోరాదా?" యంటిని. ఆచార్యులవారు నన్ను జాలిగా చూచిరి. అన్ని వైపులను కనబడుచుండగా ఇక ఏ వైపు కూర్చుండవలెనను విద్యకు ప్రయోజనమేమి?

వారి బావమరిది మరియొక పాపము చేసెను. "బావగారూ, విశాఖనుంచి నా కారులో తీసుకెళ్తా. నాలుగు గంటల్లో అరకులో టిఫిను" అనెను. అటుపిమ్మట రెండు పండుగలకు అతనికి పిలుపు లేదు.

పూర్వము 120 దినములు ముందుగా టికెట్టు కొనుటకు వీలుండెడిది. 2024 నవంబరు మొదటి తేదీనుండి దానిని 60 దినములకు కుదించిరి. ఇన్ని నెలల ముందు ఎవరికి తెలియును లెమ్మని లోకము ఊరకుండెను గాని, ఆచార్యులవారు ఆ పూట కాఫీ ముట్టలేదు. "సగం ప్రయాణం కోసేశారండీ" అనిరి. ఆలోచింపగా అందులో సత్యమున్నది. టికెట్టు చేతనుంచుకొని ఎదురుచూచు ఆ దినములే వారి యాత్ర, తక్కినది కేవలము రవాణా.

అరువది దినములకు ముందటి ఉదయము స్నానము చేసి, ఎనిమిది గంటలు కొట్టకమునుపే ఫోను ముందు కూర్చుండిరి. ఎనిమిదయ్యెను. పేర్లు, వయస్సులు పూర్తియై, బెర్తు ఏది కావలెనన్న గడి వచ్చెను. క్రింది బెర్తా, ప్రక్క క్రింది బెర్తా? ప్రక్కబెర్తుకు కిటికీ తనదే, కాని అది ఏ వైపునకు వచ్చును? ఇంజను ఏ కొనకు తగిలింతురు? నోటుపుస్తకము తీసి, పుటలు త్రిప్పి, విచారించి, నిర్ణయించి, వ్రేలు మోపునప్పటికి గడువు మీరినదని ఫోను బయటికి నెట్టివేసినది. రెండవసారి లోనికి పోవునప్పటికి దొరికినదేమనగా, భార్యకు వయస్సునుబట్టి క్రింది బెర్తు ఖాయము, ఆచార్యులవారికి ఆర్.ఏ.సి., అనగా ప్రక్కబెర్తులో సగము, తక్కిన సగము దైవాధీనము. ఆమె బెర్తు కుడివైపున పడినది. "పోనీ నా చోట మీరు కూర్చోండి" అని ఆ యిల్లాలు ఎంత చెప్పినను, తీర్పునకు విరుద్ధమైన కిటికీ నాకేల యని వారు ఒప్పుకొనలేదు.

ఆహారమునకును కాలపట్టిక కలదు. పులిహోర కొత్తవలస దాటకముందే ముగింపవలెను; బొడ్డవర దాటినది మొదలు శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రాగుహలు, కరకవలస, శిమిలిగూడ వచ్చువరకు నోట నేమియు నమలరాదు. నమలునప్పుడు దృష్టి చెదరునట. దధ్యోజనము అరకు పిదప. "మధ్యలో దాహమేస్తే?" అని యిల్లాలడిగెను. సొరంగములో త్రాగవచ్చునని అనుమతి యిచ్చిరి.

తరువాతి వృత్తాంతము ఆ యిల్లాలు మా యింట జామకాయలు పంచిపెట్టుచు చెప్పినది గాన నమ్మదగినది.

దైవము పంపిన రెండవ సగము ఒక గని ఉద్యోగి, బచేలి పోవుచుండెను. బండి కొండ యెక్క మొదలిడగనే ఆయన కిటికీ రేకు క్రిందికి లాగెను.

"అయ్యయ్యో, లోయండీ!" అనిరి ఆచార్యులవారు.

"ఎండండీ" అనెను గనివారు. "లోయ రేపు కూడా ఉంటుంది. నాకు రాత్రి డ్యూటీ ఉంది."

రేకు సగము ఎత్తుటకు సంధి కుదిరినది. వంగి, మెడ త్రిప్పి, ఆ సందులోనుండి ఆచార్యులవారు హాజరు తీయ మొదలిడిరి. పుస్తకములో ఇట్లున్నది: 9-10 లోయ, 9-25 జలధార, 9-40 మేఘము, ఉన్నయెడల. లోయ వచ్చెను, కాని దారి మలుపు తిరిగినప్పుడెల్ల అది కుడికొకసారి ఎడమకొకసారి మారుచుండుటచే సగము లోయ ఆ యిల్లాలి పాలబడెను. సొరంగము వచ్చినప్పుడెల్ల బోగీలోని పిల్లలు "ఓ" యని కేకలు పెట్టి యీలలు వేయుచుండ, ఆచార్యులవారు చీకటిలో వ్రేళ్ళు మడచుచు, ఇది పందొమ్మిదవదా ఇరువదవదా యని తడబడిరి.

అంతలో ఒక చిన్న స్టేషనులో బండి నిలిచెను. ఎదుటినుండి ఇనుపఖనిజపు గూడ్సు రావలెనట. ఒక గూడ్సు పోయెను, మరియొకటి వచ్చుచున్నదనిరి. ఎర్రధూళి పట్టిన పెట్టెలు ఒకదానివెంట నొకటి పోవుచునే యుండెను. ప్రయాణికులు దిగి, కాళ్ళు చాపి, బీడీలు ముట్టించి, గంపలు తెచ్చిన గిరిజనస్త్రీలతో జామకాయలకు బేరమాడుచుండిరి. ఆ స్టేషను వెనుకనే కొండ. ఆ కొండమీదినుండి ఒక మబ్బు మెల్లగా చెట్లలోనికి దిగుచుండెను. ఆ యిల్లాలు కిటికీ కడకు వచ్చి పిలిచెను.

"ఏమండీ, ఇటు చూడండి, మబ్బు కొండ దిగుతోంది. చెయ్యి చాస్తే అందేలా ఉంది."

ఆచార్యులవారు గడియారమునుండి తల యెత్తక, "మేఘం తొమ్మిదీ నలభైకి. ఇప్పుడు పదకొండయింది. ఇక్కడ మన లిస్టులో ఏమీ లేదు" అనిరి. జలధార ఆలస్యమగుచున్నదను బెంగతో వారు ఆ గంటన్నరయు నోటుపుస్తకమునందు కాలములను దిద్దుటలోనే గడపిరి. గనివారు నిద్రించుచుండెను. ఆ బోగీలో పని చేసినవారు ఆచార్యులవారొక్కరే.

ఇట్లు నిలిచి నిలిచి, కోరాపుట్ దాటునప్పటికే మార్గశిరపు ప్రొద్దు గ్రుంకినది. అటుపిమ్మట చీకటి పడగా, వచ్చినది సొరంగమో, ఉన్నది రాత్రియో ఎంత తొంగిచూచినను తెలియదాయెను. చప్పుడునుబట్టి లెక్కింప బూనిరి గాని, గనివారి గురక ఆ ప్రమాణమును కూడ చెరచినది. ఏబదియెనిమిదింటిలో నలువదియొకటి మాత్రము నిర్ధారణమై, తక్కినవి సందిగ్ధములని పుస్తకమున నమోదైనవి.

వారు తిరిగివచ్చిన మరునాడు వీధియరుగుమీద కూర్చుండి నాలుగు రంగులతోను ఏమో వ్రాసికొనుచు కనబడిరి. ఇంత కృషి చేసి పోయివచ్చినవారిని పలుకరింపకుండుట మర్యాద గాదని దగ్గరకు పోయి, "అరకు ఎట్లున్నదండీ?" అని యడిగితిని.

ఆచార్యులవారు పుట వెనుకకు త్రిప్పి చూచికొని, "రెండు గంటలా పది నిమిషాలు లేటండీ" అనిరి.