మజ్జిగ రాతలు

మాది మార్కాపురం. పలకల ఊరు. దేశంలో ఎంతమంది మా ఊరి పలక మీద ఓనమాలు దిద్దారో లెక్క తెలీదుగానీ, ఆ గొప్పంతా నాదే అన్నట్టు తిరగడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ గర్వం మొన్న గిద్దలూరు బస్టాండులో కాస్త దిగింది.

ఏదో దరఖాస్తు. ఆన్‌లైన్‌లోనే పెట్టాలన్నారు. మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట, మా వైపు ఎండ. ఫోను తెరిస్తే తెల్లటి పేజీ. అంతే. సైటు రాలేదేమోనని మూడుసార్లు మూసి తెరిచాను. నీడకు జరిగి, దోసిలి అడ్డం పెట్టి, ముక్కుకు ఆనించి చూస్తే అప్పుడు తేలాయి అక్షరాలు, సున్నం గోడ మీద పల్చటి మజ్జిగతో రాసినట్టు.

"ఏంది సారూ, ఫోన్ను ముద్దు పెట్టుకుంటన్నారా?" అన్నాడు పక్కన చెరుకురసం బండతను.

మా మేనల్లుడు హైదరాబాదులో ఇలాంటి సైట్లే తయారుచేస్తాడు. ఫోన్ చేశాను.

"అది లైట్ గ్రే మామా. మినిమల్ లుక్కు. ఇప్పుడంతా అదే."

"లుక్కు సరేరా, కంటికి ఆనాలి గదా!"

"బ్రైట్‌నెస్ పెంచు మామా."

పెంచాను. తెలుపు ఇంకా తెల్లబడింది. బ్యాటరీ తొమ్మిది శాతానికొచ్చింది.

దీనికో లెక్కుందని వాడే ఒప్పుకున్నాడు. మామూలు సైజు అక్షరానికీ దాని వెనక రంగుకూ వెలుగులో తేడా కనీసం 4.5కు 1 ఉండాలని 2008లోనే వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ వాళ్ళు రాసిపెట్టారట. తెలుపు మీద నలుపుకు 21. అంతకు మించి లేదు. పసుపు మీద నలుపు 19 దాటుతుంది. అందుకే మార్కాపూర్ రోడ్డు స్టేషన్ బోర్డును రైలు ఆగకపోయినా చదివేస్తాం. అదే పసుపును తెలుపు మీద రాస్తే 1.07, అంటే రాయనట్టే. నీలం మీద ఎరుపుకు రెండు పైచిలుకు. రెండూ ముదురు రంగులే గదా, కొట్టొచ్చినట్టుంటాయనుకుంటాం. కొట్టడం నిజమే, కళ్ళనే.

ఈ లెక్కలేవీ తెలీకుండానే మేం ఆరేళ్ళ వయసులో ఆ పని చేశాం. వాడగా వాడగా పలక వెలిసి బూడిదరంగుకు తిరిగేది. బొగ్గు నూరి, దొరికిన ఆకు పసరు కలిపి, రెండువైపులా రుద్ది ఎండలో పెట్టేవాళ్ళం. ఆరాక బలపం గీత పెడితే తెల్లగా నిలిచేది. ఆరకముందే తొందరపడి రాస్తే అక్షరం పడేది కాదు. "కనపడేట్టు రాయరా" అని అయ్యవారి బెత్తం మాత్రం పడేది. మినిమల్ లుక్కు అని చెప్పుకునే తెలివి అప్పుడు మాకు లేదు.

ఇంటికొచ్చి, రాత్రి లైటార్పి, కళ్ళద్దాలు రెండుసార్లు తుడుచుకుని ఆ దరఖాస్తు అణా పైసల్తో సహా నింపాను. పంపే బటన్ మాత్రం ముదురు నీలం మీద తెల్లక్షరాలతో భేషుగ్గా ఉంది. నొక్కబోతూ దాని కింద చూస్తే, లేత బూడిదరంగులో ఇంకో వరుస ఉంది.

గడువు ఆ సాయంత్రం ఐదింటికే అయిపోయింది.