తీగపాకం బాబాయిగారు

గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఏ అపార్ట్‌మెంటుకు వెళ్ళినా ఒక బాబాయిగారు తగులుతారు. స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరై ఉంటారు. ఆయన ఫ్లాటు నంబరు ఎవర్నీ అడగక్కర్లేదు. ఎవరింట్లో పొయ్యి మీద బెల్లం కరుగుతోందో ఆ గుమ్మంలో ఉంటారు, బొటనవేలూ చూపుడువేలూ ముందుకు చాచి. ఆ రెండు వేళ్ళ మధ్యా పెట్టి, సాగదీసి చూస్తే తప్ప దేన్నీ నమ్మని జాతి ఇది.

రైతుబజారులో బెండకాయ కొస అందరూ విరుస్తారు. బాబాయిగారు విరిచాక అసలు పని మొదలవుతుంది. విరిగిన చోట వేలానించి, మెల్లగా లాగి, ఎండకు ఎత్తి చూస్తారు.

"కాయ లేతదే గానీ జిగురు జాస్తీ. ఇదేటనుకున్నావు? పొడుగాటి చక్కెర గొలుసులు. నీళ్ళు తగిలితే చిక్కుపడిపోతాయి. పులుపు పడితే పలచబడతాయి. అందుకే మనోళ్ళు బెండకాయని పులుసులో వేశారు."

"జిగురుకి ఏరే డబ్బులేటీ తీసుకోను గానీ, కాయ ఇలాగివ్వండి బాబూ" అంటుంది అమ్మే ఆవిడ.

బచ్చలీ చేమదుంపా అయ్యేసరికి వెనకాల వరస కట్టినవాళ్ళు పక్క కొట్టుకి వెళ్ళిపోయి ఉంటారు. పనసకాయల రోజుల్లో అయితే ఇంటి దగ్గరే చేతులకి నూనె రాసుకుని బయల్దేరతారు. మాడుగుల హల్వా ఎవరు తెచ్చినా ముక్క నోటికి వెళ్ళేలోగా ఒకసారి సాగి తీరాలి.

నిన్నటి పప్పు గరిటెతో ఎత్తితే తీగలు సాగుతోందని పిన్నిగారు పారబోయబోతారు. ఆయన అడ్డుపడతారు. తినడానికి కాదు, చూడటానికి.

"ఇలా సాగదీసే సూక్ష్మజీవి ఒకటుందే, బాసిల్లస్ సబ్టిలిస్ అని. నిలవ బ్రెడ్డులో చేరిందంటే లోపలంతా బంక బంక. బేకరీవాడు నెత్తి కొట్టుకుంటాడు. అదే జాతిదాంతో జపానోళ్ళు సోయాగింజలు పులియబెట్టి, నట్టో అని పేరెట్టి, పొద్దున్నే అన్నంలో తింటారు."

"మీరూ ఆళ్ళింటికెళ్ళి తినండి" అని పిన్నిగారు గిన్నె లాక్కుంటారు.

రెండో అంతస్తు తాతగారికి కట్టుడుపళ్ళు. ఆయన టిఫిను దగ్గర కూర్చున్నప్పుడే బాబాయిగారికి తపసిబంక గుర్తుకొస్తుంది. మన్యంలో తపసి చెట్టుకి గాటు పెడితే కారే బంక అది. గిరిజనులు ఏరి తెచ్చిన సరుకును గిరిజన సహకార సంస్థ కొంటుంది. 1956లో పుట్టిన ఆ సంస్థకి పెద్దాఫీసు ఉన్నది మన విశాఖలోనే. నీళ్ళలో వేస్తే ఆ బంక కరిగిపోదు, ఊరి ఉబ్బుతుంది. కట్టుడుపళ్ళను చిగుళ్ళకి అంటిపెట్టే పొడుల్లో దీన్నీ వాడతారు. ఇదంతా విని తాతగారు ఏదో అనబోతారు గానీ నోట్లో ఇడ్లీ ఉంటుంది. పళ్ళు కదలవు. బాబాయిగారి నాలుక ఆగదు.

ఇవన్నీ ఉపోద్ఘాతాలే. అసలు కథ వైర్ రాడ్ మిల్లు. 1992లో పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేసిన మాట చెప్పి మరీ మొదలెడతారు.

"నూట పాతిక మిల్లీమీటర్ల చదరం బిల్లెట్టు, అంటే ఉక్కు దిమ్మె. వెయ్యి డిగ్రీలు దాటిన వేడి. రోలు మీద రోలు, రోలు మీద రోలు. చివరికి అయిదున్నర మిల్లీమీటర్ల తీగ. పది మీటర్ల బిల్లెట్టు ఎంత దూరం సాగుతాదో ఫోన్లో లెక్కెయ్యి."

ఎదటివాడు ఫోను తీయాల్సిందే. లెక్క ఆరున్నర కిలోమీటర్లు దాటుతుంది. బాబాయిగారి ముఖం అప్పుడు చూడాలి. ఆ ఆరున్నర కిలోమీటర్లూ తన రెండు వేళ్ళతోనే లాగినట్టు ఉంటారు.

"కూర్మన్నపాలెంలో పట్టుకుంటే గాజువాక దాకా వస్తాది. అదీ తీగపాకం అంటే! మీరు చేసేవి ఉత్త పానకాలు."

ఆదివారాలు ఫిషింగ్ హార్బరు. 1933లో జలదుర్గ ఓడ పోర్టులో అడుగుపెట్టిన సంగతి నుంచి మోకుల సంగతికి వస్తారు. నూలును ఒకవైపు పేని, పేటను రెండోవైపు పేనతారు. ఒకటి విప్పుకోబోతే ఇంకోటి బిగుస్తుంది, అందుకే మోకు మోకుగా నిలుస్తుంది. నైలాను మోకు బాగా సాగుతుంది గనక తెగిందంటే కొరడాలా వెనక్కి కొడుతుంది. "సాగుతున్నదాని ఎదట ఎప్పుడూ నిలబడకండ్రా" అని హెచ్చరిస్తారు. కుర్రాళ్ళు బుద్ధిగా దూరం జరుగుతారు. మోకుకి కాదు, ఆయనకి.

ఇంత తెలిసిన మనిషి సంక్రాంతికి అక్కరకొస్తాడనే ఎవరికైనా అనిపిస్తుంది. అపార్ట్‌మెంటు ఆడవాళ్ళంతా చేరి అనకాపల్లి బెల్లంతో అరిసెల పాకం పెడతారు. బాబాయిగారు నీళ్ళగిన్నె తెప్పించి పక్కన నిలబడతారు.

"తీగపాకం నూట అయిదు డిగ్రీల దగ్గర. అది బూందీ లడ్డూకి. అరిసెకి ఉండపాకం, నూట పదిహేను దగ్గర. నీళ్ళలో చుక్కేస్తే కరగకూడదు, వేళ్ళ మధ్య మెత్తటి ఉండ అవ్వాలి. ఎందుకవుతాదీ? నీరు ఎగిరిపోతాది, చక్కెర దగ్గరపడతాది. దగ్గరపడితే..."

"బాబాయిగారూ, పిండి వేసెయ్యమంటారా?"

"ఆగమ్మా, చెప్తున్నాను కదా. మా మిల్లులో బిల్లెట్టు కూడా ఇలాగే..."

ఆయన చెప్పినదాంట్లో అక్షరం తప్పుండదు. పాకమే ఆగదు. బిల్లెట్టు మిల్లు దాటేలోగా ఉండపాకం ముదురుపాకమైపోతుంది. పిండి పడుతుంది, గరిటె నిలబడిపోతుంది. అరిసె కొరకబోయిన పిల్లాడు దాన్ని గచ్చుకేసి కొట్టి చూస్తాడు. అరిసె ఎందుకు గట్టిపడిందో బాబాయిగారు మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకుంటారు.

అప్పుడు కింద నుంచి పిన్నిగారు వస్తారు.

"ఏవండీ, కరెంటు బిల్లుకి ఇవాళే ఆఖరు. కడతారా, ఈ పూట దీపం పెట్టుకుని దాన్ని కూడా సాగదీస్తారా?"

బెండకాయ పులుసులో చింతపండు ఏం చేస్తుందో అది జరుగుతుంది. వాక్యం సగంలో పలచబడిపోతుంది. బాబాయిగారు చేతులు తువ్వాలుకి తుడుచుకుని మెట్లు దిగుతారు.

"ఇన్నేళ్ళు ఎలా వేగుతున్నారు పిన్నిగారూ?" అని అడుగుతారు ఆడవాళ్ళు.

"వేగడానికేముందమ్మా, సాగినంతసేపూ సాగనిస్తాను. తెగేదాకా మాత్రం లాగను" అంటారావిడ, మూకుడులో ముదిరిన ముద్దని గరిటెతో పెళ్ళగిస్తూ. "ఇంకో కేజీ బెల్లం కొట్టండి. ఆయన బిల్లు కట్టొచ్చేలోగా దింపేద్దాం."